మా మేడ మీద పన్నెండు మంది స్వాములు

మొన్న సాయంత్రం మా వంటింట్లో లైటు వెలగలేదు. మా ఆయన స్టూలెక్కి బల్బు విప్పి, చెవి దగ్గర ఆడించి, బాగానే ఉందని బిగించి, మళ్లీ విప్పి, దాన్ని చేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి, ఆఖరికి అలవాటు ప్రకారం నన్నూ తిట్టడం మొదలుపెట్టాడు. నేను ఉల్లిగడ్డ తరుగుతూ తలెత్తకుండానే, "బల్బును కాదు, స్విచ్చును చూడు" అన్నాను.

ఆయన స్టూలు మీద అట్లాగే ఆగిపోయాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ మాట మాది కాదు. మా మేడ మీది గదిలో చాలా ఏళ్లు కిరాయికున్న బోటనీ సారుది. మిక్సీ తిరగకపోయినా, కుక్కర్ కూత పెట్టకపోయినా, పక్కింటాయన పలకరించకపోయినా మా ఇంట్లో ఆ మాటే అంటాం. ఆ రోజు నిజంగా స్విచ్చే కాలిపోయింది. మా ఆయన దాన్ని మార్చి చేతులు కడుక్కుంటుంటే గుంటూరు నుంచి సారు బిడ్డ ఫోన్ చేసింది. సారు పోయారట.

ఫోన్ పట్టుకుని నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. కానీ నా కళ్ల ముందు మాత్రం ఆయన మొహం రాలేదు, చెయ్యి వచ్చింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి గాల్లో కనబడని స్విచ్చు నొక్కుతూ నాలుకతో "టిక్" అనేవారు. మాట్లాడేటప్పుడు పది వాక్యాలకోసారి ఆ టిక్ పడాల్సిందే. ఇంకోటి ఆయన చొక్కా జేబు. అందులో పెన్ను ఉండేది కాదు, ఎప్పుడూ ఏవో గింజలుండేవి. ఒకసారి మా సందు చివర ఇస్త్రీ చేసే మల్లేషు జేబు చూసుకోకుండా పెట్టె తోశాడు. చొక్కా తెచ్చిస్తూ, "సారూ, జేబుల మెంతులు మంచిగ ఏగినయ్, పోపుకు పనికొస్తయ్" అన్నాడు. సారు వాటిని అరచేతిలో పోసుకుని చావు కబురు విన్నట్టు కూలబడ్డారు.

ఆయన నాకు పరిచయమైంది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది ఒక మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్లో. కింద చెప్పుల దుకాణం, దాని మీద బ్యూటీ పార్లర్, ఆ పైన మేము. నేను ఆఫీసు చూసేదాన్ని. సారు ఎక్కడో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాక బోటనీ చెప్పడానికి వచ్చారు. అద్దెకు గది కావాలంటే ఎల్.బి.నగర్‌లో మా మేడ మీది గది నేనే చూపించాను. ఆయన గది చూడలేదు. మేడంతా ఒకసారి తిరిగి, ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటు చూసి, ఆకాశం చూసి, "రాత్రిళ్లు ఇక్కడ చీకటిగా ఉంటుందా అమ్మా?" అని అడిగారు. సిగ్గుపడుతూ, ఇంకా మా సందులోకి వీధిలైట్లు రాలేదన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. చీకటి ఉందని గది తీసుకున్న మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు.

కోచింగ్ సెంటర్లో పిల్లలు ఆయనకు స్విచ్‌బోర్డు సారు అని పేరు పెట్టారు. ఓనరుకేమో ఒక ప్రశ్నకు ఒక నిమిషం లెక్క. సారు వరిగింజ దగ్గర మొదలుపెడితే గంట కొట్టేదాకా వరి చేలోనే ఉండేవారు. అడవి వరి గింజ పండగానే రాల్చేసుకుంటుంది, మనం పండించే కొన్ని రకాలు కోతదాకా పట్టుకుని కూర్చుంటాయి. గింజ రాల్చే జన్యువు రెండింట్లోనూ ఉంది. దాని ముందుండే స్విచ్చులో ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం తేడా రాకపోతే మన తాతముత్తాతలు గింజలు ఏరుకోవడానికి నేల మీద పాకుతుండేవాళ్లు అని ఆయన బల్ల కింద పాకి మరీ చూపించేవారు. సూర్యాపేట నుంచి ఒక తండ్రి వచ్చి, "మా పిలగాడు ఇంటికొచ్చి స్విచ్చులు స్విచ్చులంటున్నడు. డాక్టర్ కోర్సు అని పైసల్ కట్టించుకొని కరెంటు పని నేర్పుతున్నరా మేడం?" అని నన్ను నిలదీశాడు. లోపలి నుంచి "టిక్" వినబడింది.

సారు దృష్టిలో లోకంలో మంచి మొక్క, చెడ్డ మొక్క లేవు. మనుషులూ అంతే. అందరి దగ్గరా అదే సరుకు ఉంటుంది. ఎప్పుడు వెలగాలి, ఎక్కడ వెలగాలి, ఎంత వెలగాలి అన్న దాంట్లోనే తేడా. కొత్తపేట మార్కెట్లో బత్తాయిలు పచ్చగా ఉన్నాయని నేను గొణిగితే, పాపం, వాటికి రాత్రి చలి తగల్లేదమ్మా, రంగు మారే స్విచ్చు చలికి పడుతుంది, తీపికి దాంతో పని లేదని ఆ పండ్లవాడి తరఫున వాదించి రెండు కిలోలు కొనిపించారు. పుల్లగా ఉన్నాయి. అది వేరే స్విచ్చు అన్నారు. మా ఆయన కోపం గురించి ఒకసారి ఆయన దగ్గర వాపోయాను. కోపం జన్యువు అందరికీ ఉన్నట్టే మీ ఆయనకీ ఉంది, బస్సు డిపోలో వెలగదు, ఇంటి గుమ్మం దాటగానే వెలుగుతోంది, స్విచ్చు ఎక్కడుందో వెతుక్కో అన్నారు. వెతికాను. ఆకలి. ఆ మర్నాటి నుంచి డ్యూటీ దిగి వచ్చేసరికి ఉడకబెట్టిన పల్లీలు గిన్నెలో పెట్టి గుమ్మం దగ్గరే చేతికిచ్చేదాన్ని. ఇరవై ఏళ్ల కాపురంలో అంత పనికొచ్చే సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఒక్క విషయంలో మాత్రం మేం ఆయన్ని తప్పుగా అనుకున్నాం. వానాకాలం చివరికి వచ్చేసరికి ఆయన పొద్దుగూకాక గదిలో లైటు వేసేవారు కాదు. చీకట్లోనే పెరుగన్నం తినేవారు. ఏమన్నా వెతకాలంటే ఆకుపచ్చ కవరు చుట్టిన టార్చి. కరెంటు బిల్లు మా మీటరులోనే కదా, ఇంత మొహమాటమెందుకు, వేసుకోమని మా ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. సారు సరేననేవారు, వేసేవారు కాదు. పిసినారితనమని మేం ఖాయం చేసుకున్నాక, ఒకరోజు మెట్ల మీద కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పారు.

సంగతి గోంగూర. మా వైపు పుంటికూర అంటాం. వానలు వెనకబట్టి రాత్రిళ్లు పొడుగవుతుంటే అది పూతకొస్తుంది. పూతకొచ్చిందంటే ఆకు చిన్నబోయి, గిడసబారి, ఇక కూరకు పనికిరాదు. సారు ఉద్యోగంలో ఉండగా ఎప్పుడో చౌటుప్పల్ దగ్గర ఒక చేను గట్టు మీద, చుట్టూ ఉన్నవన్నీ పూసి ముదిరిపోతే, ఒకే ఒక్క మొక్క పచ్చగా ఆకుతో నవ్వుతూ కనబడిందట. దాని గింజలు తెచ్చి, గుంటూరు గోంగూరతో కలిపి, ఏడాదికోసారి ఏరుతూ ఏరుతూ నెల ఆలస్యంగా పూసే గోంగూర తీశారు. పూత తెప్పించే జన్యువు అదే, దాని ముందున్న స్విచ్చులో పిసరంత తేడా. మామూలు గోంగూరకు చాలిన రాత్రి దీనికి చాలదు. ఇంకా పొడుగు రాత్రి కావాలంటుంది, అందాకా ఆకు పెడుతూనే ఉంటుంది. సారు రిటైరయ్యాక పరిశోధన కేంద్రంలో ఆ మడిని చదును చేసి వేరే ఏదో వేసుకున్నారు. ఆయన దగ్గర కాఫీపొడి సీసాలో మిగిలిన గింజలు పాతబడిపోయాయి. ఆ యేడు ఉన్నవన్నీ చల్లితే పన్నెండు కుండీల్లో పన్నెండు మొలిచాయి. గోంగూర ఏడాది మొక్క. ఆ పన్నెండూ పూసి కాయ కడితే వంశం నిలుస్తుంది, లేకపోతే లేదు. రాత్రి మధ్యలో వాటి మీద వెలుగు పడితే మొక్క రాత్రి అయిపోయిందనుకుంటుంది, పొడుగు రాత్రి కోసం అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకే పెరుగన్నం చీకట్లో.

ఇదంతా విని మా ఆయన లోపలికొచ్చి, "పాపం, పుంటికూర కోసం గిట్ల సంసారం చేస్తున్నడా" అన్నాడు. ఆ రోజు నుంచి మేడ మీది లైటు మేం కూడా వేయలేదు.

అవి తెలంగాణ ఉద్యమం పొంగుతున్న రోజులు. ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి లోపలి కాలనీల దాకా సందుకో దీక్షా టెంటు. మా ఎదురు ఖాళీ ప్లాటులోనూ ఒకటి లేచింది. దానికి పెద్ద, సెంట్రింగు సామాను కిరాయికిచ్చే యాదగిరన్న. మా ఆయన డిపోలో డ్యూటీ దిగాక ఆయనకు కుడిభుజం. ఒక రాత్రి ఎవరో వచ్చి టెంటు తాళ్లు కోసి, ఫ్లెక్సీ చింపి పోయారు. మర్నాడే యాదగిరన్న ఎత్తైన సెంట్రింగు పైపు పాతి, దాని కొసకు ఒక ఫోకస్ లైటు కట్టించాడు. అది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా టెంటునూ, రోడ్డునూ, సరిగ్గా ఎదురుగా ఉన్న మా మేడనూ పట్టపగలు చేసేసింది.

సారు మెట్లు దిగి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఆ లైటు ఎన్నాళ్లుంటుంది?"

"తెలంగాణ వచ్చేదాక సారు."

ఆయన కాసేపు వేళ్ల మీద ఏవో నెలలు లెక్కపెట్టుకున్నారు. "నా మొక్కలకి ఇప్పట్నుంచీ చీకటి కావాలి. ఈ నెలలో వచ్చేస్తుందంటావా?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. మా ఆయన్ని కనుక్కున్నాను. వస్తదన్నాడు. ఆయన రోజూ అదే అనేవాడు, కాబట్టి దాన్ని నమ్ముకుని మొక్కలు పెంచలేం. నువ్వే వెళ్లి యాదగిరన్నను అడుగు సారూ, మనిషి మంచోడు అని నేనే పంపించాను.

సారు టెంటులోకి అడుగు పెట్టగానే యాదగిరన్న లేచి కుర్చీ వేసి, ఆయన ఏదో చెప్పబోతుంటే ఆగమని సైగ చేసి, మైకు అందుకున్నాడు. "ఆంధ్ర నుంచి వచ్చి మన నడుమ బతుకుతున్న బోటనీ సారు మన దీక్షకు సంఘీభావం తెలుపుతున్నడు. అందరు చప్పట్లు కొట్టాలె." చప్పట్లు మోగాయి. మా పక్కింటి మేడ మీద నుంచి భీమవరం కాంట్రాక్టరు గారు, చేతిలో కాఫీ కప్పుతో, ఇదంతా గుడ్లప్పగించి చూశారు.

మైకు చేతికొచ్చాక వదిలే రకం కాదు సారు. "నేను మీతో చీకటి గురించి మాట్లాడటానికి వచ్చాను" అని మొదలుపెట్టారు. వలసపాలన చీకటి అనుకుని జనం ఈలలు వేశారు. అక్కణ్ణుంచి జన్యువు, దాని ముందు స్విచ్చు, వరిగింజ, బత్తాయి అన్నీ వచ్చాయి. బల్బు అందరి ఇంట్లోనూ ఉంటుంది, ఒకాయన ఆరింటికి వేస్తాడు, ఒకాయన ఏడింటికి వేస్తాడు, దానికి బల్బును తిట్టి లాభం లేదన్నారు. ఇదేదో రాజకీయ విశ్లేషణ అని ముందు వరసలో ఒకాయన తల ఊపాడు. అంతవరకూ పర్వాలేదు. నెల ఆలస్యంగా పూస్తే మనిషికి ఏం లాభమో చెప్పాలిగా? చలికాలం పొద్దున లేత గోంగూర కోసి, కాస్త నూనెలో మగ్గించి, పండుమిరపకాయలతో రోట్లో నూరి, వేడన్నంలో ముద్ద నెయ్యి వేసి, మధ్య మధ్య ఉల్లిపాయ కొరుక్కుంటే ఎట్లా ఉంటుందో సారు కళ్లు మూసుకుని వర్ణించారు. ఎదురుగా పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ల మీద కూర్చున్న నిరాహార దీక్షవాళ్లు. ఒకాయన గుటకలు మింగాడు. ఇంకొకాయన దండ తీసేసి లేవబోతే పక్కవాళ్లు పట్టి కూర్చోబెట్టారు. యాదగిరన్న ఒక్క ఉదుటున వచ్చి మైకు లాక్కున్నాడు.

అప్పుడు సారు మైకు లేకుండా అసలు ముక్క అడిగారు, లైటు ఆర్పమని.

యాదగిరన్న కోపం చేయలేదు. "సారూ, చీకట్ల వచ్చి తాళ్లు గోసిపోయిండ్రు. రేపు ఏమన్న అయితే గీ పిలగాండ్లకు నేను జిమ్మెదార్. లైటు బంద్ జేసుడు నాతోని కాదు." సారు తలూపి, మీ ఇబ్బంది నిజమేనని చెప్పి, చెప్పులేసుకుని వచ్చేశారు. ఇంటికొచ్చాక మాత్రం రోజూ తినే పెరుగన్నం కూడా తినలేదు. గిన్నె మెట్టు మీద అట్లాగే ఉంది.

మర్నాడు కోచింగ్ సెంటర్ నుంచి వస్తూ, గుడి వెనక సందులో అయ్యప్ప దీక్ష సామాను అమ్మే దుకాణానికి నన్ను తీసుకుపోయారు. వెలుగు చొరబడని నల్లగుడ్డ కావాలి, లుంగీ అయితే మొక్కకు సరిగ్గా సరిపోతుందని ఆయన కొలత. పన్నెండు నల్ల లుంగీలు అడిగారు. దుకాణం ఆయన కళ్లకద్దుకుని తీస్తూ, "పన్నెండు మంది స్వాములా! కన్నెస్వాములేనా?" అన్నాడు.

"కన్నెవే. ఇంకా ఒక్కటీ పూయలేదు" అన్నారు సారు.

నేను దుకాణం బయటికొచ్చి, పక్కనున్న గోడ పట్టుకుని నవ్వాను.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి కుండీకో కర్ర గుచ్చి, దాని మీదుగా లుంగీ కప్పి, అంచులు తాడుతో కట్టేవారు. పొద్దున్నే తీసేవారు. చీకటిపడ్డాక చూస్తే మేడ మీద పన్నెండు మంది బారుగా కూర్చుని జపం చేస్తున్నట్టుండేది. మా ఆయన బట్టలు ఆరేసుకోవడానికి వెళ్లి, వాటికి దండం పెట్టి వచ్చేవాడు. టెంటులో కూడా ఎవరూ ఏమనలేదు. సారుకు భక్తి పుట్టిందనుకున్నారు.

అలా కొన్నాళ్లు గడిచాయి. అక్టోబరు ఆఖరి రాత్రి పెద్ద వాన పడింది. లుంగీలు తడిసి ముద్దయ్యాయి. తడిగుడ్డ తగిలితే ఆకు కుళ్లుతుందని సారు తెల్లారకముందే వాటిని ఊడదీసి, కర్రకొకటి చొప్పున కట్టి, ఆ కర్రల్ని పిట్టగోడ పొడుగునా నిలబెట్టి, ఆరుతాయిలే అనుకుని పొద్దుటి క్లాసుకు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లిపోయారు.

తెల్లారితే నవంబరు ఒకటి. కొందరికి ఆంధ్రప్రదేశ్ పుట్టిన పండగ, కొందరికి ద్రోహం జరిగిన రోజు. ఇంటికో నల్లజెండా ఎగరాలని యాదగిరన్న ముందురోజే మైకులో చెప్పి ఉన్నాడు. మాది రెండు రకాలవాళ్లూ ఉన్న కాలనీ, ఎవరి మొహమాటం వాళ్లది, అక్కడో ఇక్కడో ఒకటి కనబడితే గొప్ప. అలాంటిది మా మేడ మీద గాలికి రెపరెపలాడుతూ పన్నెండు. అదీ లుంగీలంత జెండాలు. చౌరస్తా దాకా కనబడుతున్నాయట.

టెంటులో డప్పు మొదలైంది. మా ఆయనకు కూడా ముందు అర్థం కాలేదు. ఎవరో భుజం తట్టి, "మీ ఇల్లే టాప్" అనేసరికి ఛాతీ విరుచుకుని, "మా కిరాయి సారు" అని చెప్పుకుంటూ తిరిగాడు. అటు పక్కింటి కాంట్రాక్టరు గారి వాకిట్లో వేరే ఏర్పాటు. ఆయన జెండా కట్టి, లడ్డూలు తెప్పించి, రిటైరైన ఆఫీసరని సారునే నాలుగు మాటలు మాట్లాడమని పిలిచారు. సారు ఏ గింజ గురించి ఆలోచిస్తూ సరేనన్నారో ఏమో, ఆ సంగతి మర్చిపోయారు. ముఖ్య అతిథి రాలేదు సరికదా, ముఖ్య అతిథి మేడ మీద నల్లజెండాలు. నేను లుంగీలు తీసేద్దామని మెట్లెక్కబోతే మా ఆయన అడ్డం నిలబడ్డాడు. ముట్టుకుంటే మంచిగుండదన్నాడు.

మధ్యాహ్నం సారు ఆటో దిగేసరికి మా గేటుకు ఒకపక్క యాదగిరన్న దండ పట్టుకుని ఉన్నాడు, ఒకపక్క కాంట్రాక్టరు గారు వేలు చూపిస్తూ ఉన్నారు.

"ఏంటి మాస్టారూ ఇది?" అన్నారాయన. "మనవాళ్లయి ఉండి మా పరువు ఇలా తీస్తారా?"

సారు తలెత్తి మేడ వైపు చూశారు. "ఇంకా ఆరలేదా?" అన్నారు.

తర్వాత విషయం విప్పి చెప్పారు. అవి జెండాలు కావని, గోంగూరకు చీకటి అని, వానకు తడిశాయని. నిజం చెప్పి అంత చిక్కులో పడ్డ మనిషిని నేను చూడలేదు. గోంగూరకు అయ్యప్ప లుంగీలు కడతారా, చెవిలో పువ్వులు పెట్టకండని కాంట్రాక్టరు గారు. గోంగూర గీంగూర అని తప్పించుకునే అవసరం లేదు, భయపడకు సారూ, గింతమందిమి ఉన్నమని యాదగిరన్న. ఒక్క సంగతిలో మాత్రం ఆ కాలనీ చరిత్రలో మొదటిసారి ఇద్దరూ ఏకమయ్యారు, సారు అబద్ధమాడుతున్నాడని. ఇప్పుడే దించాలి, దించి నా చేతికివ్వాలని ఒకరు. రేపు పొద్దుటి దాకా దించేది లేదని ఒకరు. మాటా మాటా పెరిగి, రెండు పక్కలా జనం పెరిగి, పొద్దు వాలడం మొదలైంది. దండలో పూలు వాడిపోయాయి. లడ్డూలు అయిపోయాయి.

సారు అందరి మొహాలూ చూస్తున్నారు, మధ్య మధ్య చేతి గడియారం చూస్తున్నారు.

"ఆరింటికి ఆ గుడ్డలు నా మొక్కల మీద ఉండాలి" అన్నారు. ఆయన గొంతు అంత పైకి లేవడం అంతకుముందు వినలేదు. "జెండాలనుకోండి, లుంగీలనుకోండి, మీ ఇష్టం. ఆ పన్నెండూ పూయకపోతే నేను ఇన్నేళ్లు ఏం పని చేశానో చూపించడానికి నా దగ్గర ఒక్క గింజ మిగలదు."

టిక్ లేదు. వేలు కూడా లేపలేదు.

నాకు ఒళ్లు మండింది. ఇద్దరికీ చెప్పాను, మేడ నాది, లుంగీలు కొన్నప్పుడు పక్కనున్నదాన్ని నేను, నమ్మకపోతే పైకొచ్చి చూడండి, చూడకపోతే ఎవరింటికి వాళ్లు పోండని. మా ఆయన ఏదో అనబోతే, ఆ రోజు పల్లీలు ఇవ్వలేదని గుర్తొచ్చి, ఆయన్ని కూడా పైకి తోశాను.

మేడ మీద నీళ్ల ట్యాంకు చాటున మామూలు గోంగూర కుండీ ఒకటి ఉంది. అక్కడ లైటు పడదు. అది మొగ్గలేసి, రెండు పూలు పూసి వడిలి ఉంది. అదే గింజలు వేసిన ఇంకో కుండీ పిట్టగోడ దగ్గర, లుంగీ కప్పకుండా, ఫోకస్ లైటుకు ఎదురుగా ఉంది. దానికి ఒక్క మొగ్గ లేదు. ఒకే విత్తనం, ఒకే మట్టి, ఒకే నీళ్లు అన్నారు సారు. ఇప్పుడు ఆయన వేలు లేచింది. లైటు పడ్డదాంట్లో స్విచ్చు పడలేదు, పడనిదాంట్లో పడింది. ఇక తన పన్నెండింటి స్విచ్చు ఇంకా మొండిది, దానికి ఇంకా పొడుగు చీకటి కావాలని చెప్పారు.

కాంట్రాక్టరు గారు కళ్లజోడు సవరించుకున్నారు. యాదగిరన్న గొంతు కూర్చుని ఆ మొగ్గను, ఈ కొమ్మను మార్చి మార్చి తడిమాడు. ఆయన సేద్యం చేసినవాడి కొడుకు. లేవకుండానే అడిగాడు.

"గీ ఇత్తు ఏడ దొరికింది సారూ?"

"చౌటుప్పల్ దగ్గర, చేను గట్టు మీద."

"అయితే గిది మనదే" అన్నాడు యాదగిరన్న.

"పెంచింది మా గుంటూరాయన కదండీ" అన్నారు కాంట్రాక్టరు గారు.

మళ్లీ మొదలైంది. అయితే ఈసారి జెండాలు కావు, మొక్కలు. మాదంటే మాదని ఇద్దరూ దాని తల్లిదండ్రుల దాకా వెళ్లారు. ఆరవుతోందని సారు గోల చేస్తే, వాదన ఆపకుండానే చెరో లుంగీ అందుకున్నారు. అట్లా ఆ సాయంత్రం నల్లజెండాల పెద్ద, అవతరణ పండగ పెద్ద, మా ఆయన, సారు, నేను, అందరం కలిసి పన్నెండు మంది స్వాములకు బట్టలు కట్టాం. రోజంతా మబ్బే, సగం ఇంకా తడివే. సారు వాటినే కట్టారు, ఆకు కుళ్లినా పర్వాలేదు, చీకటి తప్పకూడదని.

మర్నాడు యాదగిరన్న మనిషిని ఎక్కించి ఫోకస్ లైటు పక్కకు తిప్పించాడు. టెంటుకు వెలుగు తగ్గలేదు, మా మేడకు చీకటి వచ్చింది. తిప్పిన వైపు కాంట్రాక్టరు గారి పడకగది ఉంది. ఇది కావాలనే చేశాడా అంటే మా ఆయన ఇప్పటికీ చెప్పడు. కాంట్రాక్టరు గారు మాత్రం గొడవ చేయలేదు. వారం రోజులు ఎర్రటి కళ్లతో తిరిగి, గుడి వెనక సందులో ఆ దుకాణం ఎక్కడుందని సారును అడిగి, కిటికీలకు నల్లగుడ్డ కట్టించుకున్నారు.

డిసెంబరులో పూసింది. పసుప్పచ్చ రేకులు, మధ్యలో ముదురు మెరూను బొట్టు. ముందు చూసింది మా ఆయన. మెట్ల మీద నుంచే నన్ను పిలిచాడు. అందరూ చూడ్డానికొచ్చారు. కాంట్రాక్టరు గారు, దీనికా ఇంత రాద్ధాంతం అన్నారు గానీ, ఆయన భార్య అంతకు వారం ముందే పచ్చడికి ఆకు పట్టుకెళ్లింది. కాయలు ఎండాక సారు గింజలు పొట్లాలు కట్టి యాదగిరన్నకు, కాంట్రాక్టరు గారికి, మాకు ఇచ్చారు. ఒకచోట ఉంటే పోతాయి, నాలుగుచోట్ల ఉంటే ఏదో ఒకచోట మిగులుతాయన్నారు.

రాష్ట్రం వచ్చింది. టెంటు పోయింది, ప్లాటులో అపార్టుమెంటు లేచింది. సారు కూడా గుంటూరులో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయారు. రాష్ట్రం వచ్చినందుకా అని ఎవరో అడిగితే, మోకాళ్లు పోయినందుకు అన్నారు. యాదగిరన్న గింజలు ఏ బంధువుకో ఇస్తే వాళ్లు విత్తనానికి ఉంచకుండా మొత్తం వండుకున్నారు. కాంట్రాక్టరు గారివి ఎలుకలు తిన్నాయి. మా దగ్గర మిగిలాయి. ఇప్పుడు మా సందులో తెల్లటి కొత్త వీధిలైట్లు, రాత్రి దారాన్ని సూదిలోకి ఎక్కించొచ్చు. అందుకని చలికాలమంతా మా ఆయన రోజూ ఆరింటికి నల్ల లుంగీలు భుజాన వేసుకుని మేడెక్కుతాడు. అపార్టుమెంటులోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ని గురుస్వామి అంటారు. ఆయన కాదనడు.

మొన్న ఫోన్‌లో సారు బిడ్డ ఏడుపు కాస్త సర్దుకున్నాక అడిగింది. "అక్కా, ఆ గోంగూర గింజలు మీ దగ్గర ఉన్నాయా? నాన్న తెచ్చుకున్నవి ఇక్కడ మేడ మీద ఏటా మొలిచాయి, ఆ మోకాళ్లతో ఆయన పైకెక్కి చూసుకోలేకపోయారు, ఒక్కటీ పూయలేదు. ఆఖరికి గింజలన్నీ అయిపోయాయి. ఎల్.బి.నగర్‌లో ఉన్నాయిలే అని పోయేముందు నాలుగు రోజులూ అదే మాట."

ఉన్నాయన్నాను. ఫోన్ మా ఆయనకిచ్చాను. పది దినాల లోపు తానే తెచ్చిస్తానన్నాడు ఆయన. గుంటూరుకు గోంగూర మోసుకుపోయే తెలంగాణవాణ్ణి నేనేనేమో బిడ్డా అని నవ్వించబోయి, మధ్యలోనే ఆపి, "మీ ఇంటి ముంగట వీధిలైటున్నదా?" అని అడిగాడు.

అవతల ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వడం నాక్కూడా వినబడింది.

"ఈ ఇంటికి వచ్చిన రోజు నాన్న గుమ్మంలో నిలబడి మొదట అడిగింది ఇదే అన్నయ్యా. ఉంది. సరిగ్గా మా మేడకి ఎదురుగా."

మా ఆయన ఫోన్ పెట్టేసి, కాఫీపొడి సీసాలోంచి గింజలు పొట్లం కట్టాడు. తర్వాత బీరువా తెరిచి, మడత విప్పని నల్ల లుంగీ ఒకటి తీసి సంచిలో పెట్టాడు. గడియారం చూశాడు. ఆరు దాటి పది నిమిషాలైంది. మిగిలిన లుంగీలు భుజాన వేసుకుని గబగబా మేడెక్కాడు.